పువ్వుల బాబతు

మా వైపు చావు కబురు మోసుకొచ్చిన కార్డుని ఇంట్లో ఉంచరు. పసుపు బొట్టు లేని పోస్టుకార్డు చేతికొస్తే చదివేలోపే సంగతి సగం తెలిసిపోయేది. అందుకున్న మనిషి గుమ్మం బయటే నిలబడి చదివి, అక్కడే ముక్కలు చేసి పారేసి, నూతి దగ్గర కాళ్లు కడుక్కుని గాని లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. ఇప్పుడు రంగుల్లో ఫోటోలు వేసి అచ్చు కొట్టిస్తున్న పెద్దకర్మ కార్డుల గతీ అంతే. పెళ్లి కార్డు ఏళ్ల తరబడి బీరువా మీద పడుంటుంది. పెద్దకర్మ కార్డు భోజనాలకి వెళ్లొచ్చిన మర్నాటికి కనపడదు.

ఓదార్చడం కూడా మనకి కాగితం మీద అలవాటు లేదు. పరామర్శ అంటే మనిషి వెళ్లాలి. వెళ్లి, చాప మీద కూర్చుని, ఏమీ మాట్లాడకపోయినా కాసేపుండి, "వెళ్లొస్తాం" అనకుండా లేచి వచ్చేయాలి. మా అమ్మమ్మ తన జీవితంలో అలా ఎన్ని ఇళ్లలో కూర్చుందో! ఎవరికీ ఒక్క ముక్క రాసి పంపలేదు.

అలాంటి ఇంట్లో పుట్టి, 1990 ఆగస్టులో, డిగ్రీ రెండో ఏడు చదువుతూ, నేనొక సంతాపం కార్డు తయారుచేశాను. డ్రాయింగు షీటు, ఇండియన్ ఇంకు, ఒక లేసు పువ్వు. ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు పంటు సంగతి చెప్పాలి.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరికి ఇవతల మేం, అవతల సఖినేటిపల్లి. అప్పట్లో ఇవతల పశ్చిమ గోదావరి జిల్లా, అవతల తూర్పు గోదావరి. మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే నది దాటించే బల్లకట్టు పడవ, ఎక్కితే అవతలి గట్టు. మనుషులు, సైకిళ్లు, స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, అరటిగెలలు, గడ్డిమోపులు, అన్నీ ఒకే బల్ల మీద. అంతర్వేది కల్యాణం రోజుల్లో అయితే కాలు పెట్టే జాగా ఉండదు. అక్కడ వంతెన కడతామని శంకుస్థాపన రాళ్లు వేస్తూనే ఉన్నారు, పంటు తిరుగుతూనే ఉంది.

మా కాలేజీలో చాలామంది అవతలి గట్టు పిల్లలే. ఉదయం మొదటి పీరియడ్‌లో హాజరు పంటు దయ. లెక్చరర్లకీ అలవాటే, తలుపు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్లని చూసి "రండి, వచ్చిందా మీ ఓడ" అనేవారు. నా స్నేహితురాలు కూడా ఆ పంటులోనే వచ్చేది. క్లాసంతా తనని పోస్టమ్మాయి అని పిలిచేవాళ్లం, వాళ్ల నాన్నగారు బ్రాంచి పోస్ట్‌మాస్టరు కాబట్టి. వాళ్ల ఊరు సఖినేటిపల్లి రేవు దిగి సైకిలు మీద ఇంకా లోపలికి వెళ్లాలి.

బ్రాంచి పోస్టాఫీసు అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. వాళ్లింటి వీధరుగే పోస్టాఫీసు. ఈడీ అనేవారు, ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. అంటే పూర్తి జీతగాడు కాదు. రోజుకి కొద్ది గంటల పని, దానికి తగ్గ భత్యం, బతకడానికి ఇంకో ఆధారం ఉండాలన్నది షరతు, ఆఫీసుకి చోటు కూడా ఆయనే చూపించాలి. ఆయనకి ఓ కొబ్బరితోట ఉండేది, ఆ ఆదాయమే అసలు ఆదాయం. కానీ ఊళ్లో ఎవరినడిగినా ఆయన తోట ఎక్కడో చెప్పలేరు, పోస్టు మాత్రం అందరికీ తెలుసు. అరుగు స్తంభానికి ఎర్ర డబ్బా. లోపల బల్ల, బల్ల మీద లక్క, కొవ్వొత్తి, సిరా మెత్త, ఇనప ముద్ర. పొద్దున్నే చిమటా లాంటి దాంతో ముద్రలో తేదీ అంకెలు మార్చి, పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూసుకునేవారు. ఆ చప్పుడుకి పోస్టమ్మాయి తమ్ముడు నిద్రలేచేవాడట.

నేను సెలవులకి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆయన నాకోసం స్టాంపులు దాచి ఉంచేవారు. కువైట్‌వి, మస్కట్‌వి, బహ్రెయిన్‌వి. కోనసీమ నించి గల్ఫ్‌కి వెళ్లిన మనిషి లేని వీధి ఉండేది కాదు అప్పటికే. ఉత్తరాలు అందుకున్నవాళ్లని అడిగి, కవరు మూల కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, గాజు పలక మీద ఆరబెట్టి మరీ ఇచ్చేవారు. "ఉత్తరం వాళ్లది, స్టాంపు మాత్రం అడిగి తీసుకున్నానమ్మా. అడక్కుండా తీస్తే ఉద్యోగం పోద్ది, ఆయ్" అనేవారు. అలా నవ్వుతూ అన్నా, నిజంగానే అడిగేవారు.

చావు కార్డులు వస్తే డెలివరీ మనిషికి ఇవ్వకుండా తనే తీసుకెళ్లేవారు. ఇంటి బయట సైకిలు ఆపి, బెల్లు కొట్టకుండా, ఇంట్లో మగవాళ్లని పేరు పెట్టి పిలిచేవారు. ఊళ్లో ఆ పిలుపు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అది పోస్టమ్మాయే చెప్పింది నాకు. "మా నాన్న బెల్లు కొట్టకపోతే జనం భయపడిపోతారే" అని.

ఆ ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ప్రపంచానికి అది పెట్రోలు కబురు. మా రెండు గట్లకీ అది కూతుళ్ల కబురు, అక్కచెల్లెళ్ల కబురు. ఫోన్లు తెగిపోయాయి, ఉత్తరాలు ఆగిపోయాయి, మనియార్డర్ల మాట సరేసరి. ఆ అరుగు మీద పొద్దున్నించీ ఆడవాళ్లు కూర్చునేవారట. టపా సంచి విప్పేదాకా ఉండి, ఏమీ లేదంటే లేచి వెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చేవారు. జనాన్ని జోర్డాన్ దాకా చేర్చి, అమ్మాన్ నించి ఎయిరిండియా విమానాల్లో లక్షకు పైగా మందిని తీసుకురావడం అక్టోబరు దాకా సాగింది. కానీ ఆగస్టులో ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లకి అదేం తెలుసు? ఆయన సంచి తిరగేసి దులిపి చూపించేవారట, తన దగ్గర ఏదీ దాచుకోలేదని.

ఆ నెల మూడో వారంలో ఆయన పోయారు. గుండెపోటు. సాయంత్రం సంచికి సీలు వేసి పంపించి, అరుగు మీదే ఒరిగిపోయారు.

కబురు మాకు పంటు మీద వచ్చింది, సరుకు కోసం వచ్చిన వాళ్ల ఊరి కొట్టాయన ద్వారా. మర్నాడు వెళ్దామనుకున్నాం. ఆ రాత్రికే రేడియోలో గోదావరి మట్టం చెప్పడం మొదలెట్టారు. ఆ ఏడు వరద భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75 అడుగుల పైచిలుకు వరద చూసిన కళ్లు కాబట్టి పెద్దవాళ్లు వెంటనే సామాన్లు అటకెక్కించారు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే మా వైపు అర్థం ఒకటే: గట్టు మీదకి వెళ్లొద్దు, పంటు ఉండదు. ఎర్రనీళ్ల మీద దుంగలు, గడ్డివాములు కొట్టుకుపోతుంటే తాళ్లు కట్టి పంటుని ఒడ్డునే నిలిపేశారు. చుట్టూ తిరిగి వెళ్దామంటే పాలకొల్లు మీదుగా పైకి పోయి, సిద్ధాంతం వంతెన ఎక్కి, రావులపాలెం చేరి, అక్కణ్ణించి మళ్లీ కిందకి రాజోలు దాకా రావాలి. వరద రోజుల్లో ఆడపిల్లని ఆ దారిన పంపడానికి మా నాన్న ఒప్పుకోలేదు. ఒప్పుకుంటారని నేనూ అనుకోలేదు.

ఎదురుగా కొబ్బరిచెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. వెళ్లడానికి లేదు.

కాలేజీలో కార్డులు చేసే పిల్లగా నాకు పేరుండేది. డిసెంబరు వచ్చిందంటే చాలు. ఆకు పరిచి, పాత పళ్లబ్రష్షుని రంగులో ముంచి, దువ్వెన మీద గీకితే తుంపరలు పడి ఆకు ఆకారం తెల్లగా మిగిలేది. దాని మీద జిగురు రాసి మెరుపు చల్లి, లావుపాటి అక్షరాలతో హ్యాపీ న్యూ ఇయర్. నా విద్య అంతా అదే. అంతా సంబరానికి పనికొచ్చేది. సంతాపానికి ఏ రంగు వాడతారో, ఏ బొమ్మ గీస్తారో నాకెవరూ నేర్పలేదు. షాపుల్లో ఇంగ్లీషు అక్షరాలతో, లిల్లీపూలతో ఒకటో రెండో సానుభూతి కార్డులు ఉండేవి. మిషను హాస్పిటల్ దగ్గర పుస్తకాల షాపులో చూశాను. లిల్లీపూలకీ సఖినేటిపల్లికీ ఏం సంబంధం?

డ్రాయింగు షీటు కొనుక్కొచ్చాను. స్కేలు పెట్టి బ్లేడుతో కోసి, మడత మీద చెంచా వెనక వైపు పెట్టి గట్టిగా రుద్దాను. అలా రుద్దితే మడత పగలకుండా కత్తిలా వస్తుంది. ఇండియన్ ఇంకులో నీళ్లు కలిపి, బూడిదరంగు చేసి, వాళ్లింటి అరుగు గీశాను. రెండు స్తంభాలు, పెంకుల చూరు, స్తంభానికి డబ్బా. మనిషిని గియ్యలేదు. నాకు మనుషుల బొమ్మలు రావు, వచ్చినా గీసేదాన్ని కాదేమో. అంతా బూడిదరంగే వెయ్యాలనుకున్నా గానీ, డబ్బాకి ఎరుపు వేయకపోతే అది పోస్టుడబ్బాలా లేదు, ధాన్యం కొలిచే కుంచంలా ఉంది. చివరికి ఎర్రరంగు వేసేశాను. మా అమ్మ వెనక నించి చూసి, "ఎరుపెందుకే అలాంటి ఇంటికి?" అంది. "డబ్బా ఎర్రగానే ఉంటుంది కదమ్మా" అన్నాను. ఏమీ అనలేదు, కానీ నచ్చలేదని తెలిసింది.

అసలు గొడవ పువ్వు దగ్గర వచ్చింది.

ఇక్కడ మా ఊరి లేసు సంగతి కొంచెం చెప్పాలి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఆడవాళ్లు నేర్పిన పని అది. మా కాలానికి కులం, మతం తేడా లేకుండా ఇంటింటా ఆడవాళ్ల చేతిలో లేసు సూది ఉండేది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు. పువ్వులు అల్లడం ఒకరు, వాటిని కలిపే అతుకు పని ఇంకొకరు. అలా కలిసి దుప్పటయ్యి, బల్లగుడ్డయ్యి, ఎక్కడో విదేశాల్లో ఎవరి మంచం మీదో పరుచుకునేది. అల్లిన కూలి లెక్కవేస్తే ఏడుపొస్తుంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని పేపర్లో చూసి నేను మొదట అనుకున్నది అమ్మ వేళ్ల గురించే. అమ్మ అన్నేళ్లు అల్లినా మా ఇంట్లో ఒక్క మంచం మీదా లేసు దుప్పటి పరవలేదు.

ఊళ్లోవాళ్లు ఎవరూ కొనరు దాన్ని. కొన్నది నాకు తెలిసి పోస్టమ్మాయి వాళ్ల నాన్నగారొక్కరే.

ముందటి ఏడు ఏదో పని మీద నరసాపురం వచ్చి, నన్ను పలకరించిపోదామని మా ఇంటికి వచ్చారు. అమ్మ గుమ్మంలో కూర్చుని అల్లుతోంది. ఆయన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆ సూదివైపే చూశారు. "ఇంత దారం నాకుంటే రెండేళ్లపాటు సంచులు కట్టుకుందును చెల్లెమ్మగారూ" అన్నారు. అమ్మ నవ్వేసింది. కాసేపటికి ఆయనే గొంతు తగ్గించి, దుప్పటి ఎంతవుతుందని అడిగారు. పిల్ల పెళ్లికి ఇద్దామని. ఒక్కసారిగా ఇచ్చుకోలేనని, నెలకి పదో పదిహేనో ఇస్తానని, పిల్లకి మాత్రం చెప్పొద్దని. అమ్మ ఏజెంటు పని మధ్యలో మధ్యలో తన దారంతో ఆ పువ్వులు అల్లడం మొదలెట్టింది. ఎనిమిది రేకుల పువ్వు, మధ్యలో చిన్న చక్రం.

డబ్బులు ఇచ్చినప్పుడల్లా రసీదు అడిగేవారు. "ఎందుకండీ, మనలో మనకి" అంటే, "గవర్నమెంటు మనిషిని కదండీ, కాగితం లేకపోతే నిద్ర పట్టదు" అనేవారు. అమ్మకి రసీదు రాయడం ఎక్కడ వచ్చు? నా నోటుపుస్తకంలో కాగితం చింపి, "పువ్వుల బాబతు రూ. 10 ముట్టినవి" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవారు.

సరే, కార్డు దగ్గరికొస్తే. అరుగు బొమ్మ పైన ఖాళీలో ఆ పువ్వు పెడదామనుకున్నాను. లోపల సంగతి రాద్దామనుకున్నాను. అమ్మ ససేమిరా అంది.

"పెళ్లికని అల్లిన దాంట్లోంచి తీసి చావింటికి పంపుతావా? బుద్ధుందా?"

"మరి తనకి ఎప్పుడు తెలుస్తుంది?"

"పెళ్లప్పుడు తెలుస్తుంది. ఆయన అలాగే చెప్పమన్నాడు. పోయినవాడి మాట నువ్వెవరు తప్పడానికి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మ మాటే సబబని ఇప్పుడూ అనుకుంటాను. కానీ అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఆ బొమ్మ కింద రాయడానికి ఇంకో మాట దొరకలేదు. ఏం రాసినా పేపర్లో సంతాప సభ వార్తలా ఉంది. "ధైర్యంగా ఉండు" అని రాసి చూశాను. ఎదురుగా ఉండి చెయ్యి పట్టుకుని అంటే సరే, నదికి ఇవతల కూర్చుని ఎవరో ధైర్యంగా ఉండమంటే నాకైతే ఒళ్లు మండుతుంది. "దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకెళ్తాడు" అన్న మాట అప్పటికే ఆ ఇంట్లో వందమంది అని ఉంటారు. కాగితాలు చింపి చింపి విసిగిపోయి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి నా పుస్తకం మీద ఒక పువ్వు ఉంది. ఎనిమిది రేకులు, మధ్యలో చక్రం. రాత్రి కూర్చుని కొత్తగా అల్లింది.

"అది లెక్కలోది కాదు. దుప్పటి పువ్వులు దుప్పటికే ఉన్నాయి. కావాలంటే ఇది పంపు. ఏం రాస్తావో నీ ఇష్టం, నన్నడక్కు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

గంజి పెట్టి, చెక్క మీద గుండుసూదులతో రేకులు లాగి గుచ్చి ఆరబెట్టాను. మైదా జిగురుతో అంటిస్తే దారం పసుపెక్కుతుంది, పైగా బొద్దింకలు. అందుకని కుట్టాను. లేసుని కాగితానికి కుట్టేటప్పుడు ముందే సూదితో ఉత్త చిల్లులు పొడుచుకోవాలి. కుట్లు దగ్గరదగ్గరగా వేస్తే పోస్టుస్టాంపుల వరసలా ఊడివస్తుంది కాగితం. రేకు రేకుకీ ఒక్కటే కుట్టు, వెనక ముడులు కనపడకుండా ఇంకో కాగితం అంటించాను. పువ్వుని ఎడమ వైపు పెట్టాను. కుడివైపు పైన స్టాంపు ఉంటుంది, దాని మీద ముద్ర పడుతుంది. ఆయన ముద్ర కొట్టే పద్ధతి నాకు తెలుసు, బల్ల అదిరేది. మిగతావాళ్లూ అలాగే కొడతారనుకుని, కవరులో ఆ వైపు చెప్పుల డబ్బా అట్టముక్క కూడా పెట్టాను.

లోపల రాసింది ఇదీ, నాకు గుర్తున్నంతవరకూ:

"ఈ పువ్వు మా అమ్మ అల్లింది. ఇలాంటివి నీ పెళ్లి దుప్పటి కోసం మీ నాన్నగారు అల్లిస్తున్నారు. నీకు చెప్పొద్దన్నారు. పోయినేటి నించి నెలనెలా డబ్బులిచ్చి రసీదు తీసుకుంటున్నారు. సగం పైన అయ్యాయి. వరద తీశాక వస్తాను."

పసుపు రాయలేదు. సంతాపం అన్న మాటా రాయలేదు. కవరు అంటించి పోస్టాఫీసుకి తీసుకెళ్తే గుమస్తా తూచి, ఇంకో స్టాంపు కావాలన్నారు. "నది అవతలికే కదండీ" అన్నాను. "పంటు లేదు కదమ్మా, చుట్టూ తిరిగి వెళ్తుంది" అన్నారాయన. కళ్లెదుట కనిపించే ఊరికి నా కవరు రెండు జిల్లాలు చుట్టి వెళ్లింది.

అవతల ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది.

ఆయన పోయిన రోజు తేదీయే ముద్రలో ఉండిపోయిందట. ఎవరూ ముట్టుకోలేదు. వరద ఇంకా పెద్దది కాకముందే పై ఆఫీసు నించి మెయిల్ ఓవర్సీర్ వచ్చి, ఇంట్లో చదువుకున్నవాళ్లెవరని అడిగాడు. తమ్ముడు చిన్నవాడు. టపాకి మైల ఉండదు. గల్ఫ్ కబుర్ల కోసం జనం అరుగు దిగట్లేదు. ఇంకా కర్మకాండ జరగకుండానే చిమటా తీసుకుని అంకెలు మార్చింది తను. నాన్నని చూసి చూసి అన్నీ వచ్చు. బ్రాంచి ఆఫీసు లెక్క రాయడం, సంచి సీలు విప్పడం, స్టాంపులు లెక్కపెట్టుకోవడం. ఆ సంచుల్లో ఒకదాంట్లో నా కవరు వచ్చింది. అప్పట్లో వచ్చిన ఉత్తరం వెనక డెలివరీ ముద్ర వెయ్యాలి. తన పేరున్న కవరు మీద తనే ముద్ర వేసుకుంది. పక్కన జనం ఉంటే, "నాదే" అని పక్కన పెట్టి, మిగతావన్నీ పంచేసి, సాయంత్రం విప్పింది.

ఓదార్పు సంగతి అటుంచితే, ఆ కార్డు ఇంకో పనికొచ్చింది. నేను ఊహించను కూడా లేదు.

ఆయన బల్ల సొరుగులో రబ్బరు బాండు వేసి ఉన్న చీటీల కట్ట దొరికిందట వాళ్లకి. అన్నీ ఒకే చేతిరాత. పువ్వుల బాబతు పది రూపాయలు ముట్టినవి, పువ్వుల బాబతు పదిహేను రూపాయలు ముట్టినవి. కింద ఎవరో ఆడమనిషి సంతకం. చావింట్లో అప్పులవాళ్లు ఎవరొస్తారోనని కాగితాలు వెతుకుతుంటే ఇవి దొరికితే ఎలా ఉంటుందో ఆలోచించండి. గుడిలో పూలకా? ఏ గుడి? పూలమ్మే మనిషా? నెలనెలా పది రూపాయల పూలు ఎవరికి? వాళ్లమ్మ, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ, నోరు తెరిచి ఏమీ అనలేదట. ఆ చీటీలు తీసి దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నారట. అత్తగారివైపు చుట్టాలు మాత్రం అడగకుండా ఉంటారా?

నా కార్డు చదివి పోస్టమ్మాయి మొదట చేసిన పని, దాన్ని తీసుకెళ్లి వాళ్లమ్మకి చదివి వినిపించడం. పువ్వు చూపించి, దిండు కింద చీటీలు తీసి, సంతకం మా అమ్మదని చెప్పడం. పిన్నిగారు అంతవరకూ ఏడవలేదట. ఆ రోజు ఏడ్చి, ఏడ్చి, మధ్యలో నవ్వి, "రసీదులు తీసుకున్నాడే, రసీదులు" అని మళ్లీ ఏడ్చారట.

వరద తీశాక నేను వెళ్లేలోపే నాకో పోస్టుకార్డు వచ్చింది. అప్పుడు పదిహేను పైసలు దాని ఖరీదు. ఓ మూల పసుపు లేదు, కానీ సంగతి చావు సంగతి కాదు. "దుప్పటికి మొత్తం ఎంత? నాన్న ఇచ్చినవి పోగా ఇంకా ఎంత ఇవ్వాలి? మీ అమ్మగారిని అడిగి రాయి. రసీదుల లెక్క నా దగ్గరుంది, తేడా వస్తే ఒప్పుకోను." అంతే. కన్నీళ్లు లేవు, థాంక్స్ లేదు. ఆ అక్షరాలు చూస్తే అచ్చం వాళ్ల నాన్నగారు మాట్లాడినట్టే ఉంది.

అమ్మ మిగతా డబ్బు వద్దంటుందనే అనుకున్నాను. అనలేదు. "వద్దంటే అది ఆయనిచ్చిన దుప్పటి ఎలా అవుతుంది, నేనిచ్చిన దుప్పటవుతుంది" అంది. నెలనెలా మనియార్డరు వచ్చేది. ఫారం తనే నింపి, తనే ముద్ర వేసి పంపేది. కూపన్ మీద సందేశం రాసే చోట ప్రతిసారీ ఒకే ముక్క: పువ్వుల బాబతు. అమ్మ ఆ కూపన్లు దాచి పెట్టుకుంది.

తను కాలేజీకి మళ్లీ రాలేదు. పోస్టు తన పేరు మీద ఖాయమవడానికి చాలాకాలం పట్టింది. ఎన్ని అర్జీలో, ఎన్నిసార్లు పై ఆఫీసు చుట్టూ తిరగడమో! డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసైంది. పెళ్లికి దుప్పటి అందింది. అతుకు పని కూడా అమ్మే చేసింది, ఇంకెవరి చేతా చేయించలేదు. తోటలో ఉంటున్న బావనే చేసుకుంది కాబట్టి ఊరు మారక్కర్లేకపోయింది, అరుగూ మారలేదు.

ఈడీలు పోయి గ్రామీణ డాక్ సేవకులన్న పేరొచ్చింది. పాత పద్ధతి మనియార్డర్లు 2015లో ఆగిపోయాయి. ఇప్పుడు తన చేతిలో మిషనుంది. డబ్బు తీసుకోవడాలు, ఆధారు వేలిముద్రలు అంటూ అరుగు మీద జనం తగ్గలేదు. ఉత్తరాలు మాత్రం దాదాపు లేవు. కొన్నాళ్ల కిందట నా మేనకోడలు స్నేహితురాలి తండ్రి పోతే ఫోనులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది. "కార్డు చెయ్యవే" అంటే "అత్తా, నాకు బొమ్మలు రావు" అంది. నాకూ రావు కదా, అరుగు తప్ప.

దానికి చూపిద్దామని పోస్టమ్మాయికి ఫోన్ చేశాను, ఆ పాత కార్డు ఉంటే ఫోటో తీసి పంపమని.

"చావు కార్డు ఫోటో ఏంటే, పొద్దుపొద్దున్నే" అంది.

"ఉందా, చింపేశావా?"

"చింపుతానా? పువ్వు విప్పేసి, ఓ మూల చిరిగితే దుప్పటికి అతికించుకున్నాను. అట్ట ఉంది, నీ బొమ్మ ఉంది. ఎర్రడబ్బా ఒకటే బాగా గీశావు, స్తంభాలు వంకర."

"పోనీ దుప్పటి ఫోటో పంపు."

"ఉతికాక పంపిస్తాలే. ఇప్పుడు సర్వరు పనిచెయ్యట్లేదు, డబ్బులకి ఇరవై మంది కూర్చున్నారు, పెట్టెయ్" అని ఫోన్ పెట్టేసింది.